పతి ధర ఎంత?

మా ఊరి పేరు ఆత్మకూర్ (ఎస్). బ్రాకెట్లో ఉన్న ఆ 'ఎస్' అంటే సూర్యాపేట. నెల్లూరు జిల్లాలో ఒక ఆత్మకూరు ఉంది. నంద్యాల జిల్లాలో ఒకటుంది. వనపర్తి జిల్లాలో మరొకటి. అంతెందుకు, మా పాత నల్లగొండ జిల్లాలోనే మోత్కూరు వైపు ఆత్మకూర్ (ఎం) ఉండేది. 2016లో జిల్లాలు విడిపోయి అది యాదాద్రి భువనగిరిలోకి పోయింది, మేము సూర్యాపేట జిల్లాలోకి వచ్చాము. అయినా మా తోక మాకే ఉంది. హాస్టల్లో చేరిన కొత్తలో ఎవరు ఊరడిగినా "ఆత్మకూర్, బ్రాకెట్లో ఎస్" అని చెప్పేవాణ్ణి. విన్నవాళ్ళు నవ్వేవారు. ఒకనాడు కుతూహలం కొద్దీ ఇంటర్నెట్లో మా ఊరి కోసం వెతికితే నల్లమల అడవి పక్కనున్న ఆత్మకూరు ముందుకొచ్చింది. నాకు రోషం వచ్చింది. మా ఊరికంటూ ఒక వెబ్ పేజీ ఉండాలి, దాన్ని నేనే తయారు చేయాలి అని ఆ రాత్రే తీర్మానించుకున్నాను.

నేను బి.యస్సీ. విద్యార్థిని. లెక్కలు, భౌతికశాస్త్రం, కంప్యూటర్ సైన్సు నా సబ్జెక్టులు. ఇంటి దగ్గర మూడెకరాల వరి, ఎకరం పత్తి. పేజీ చేయడానికి నా దగ్గర డబ్బు లేదు, సొంత కంప్యూటర్ లేదు. ఉన్నదల్లా కాలేజీ ల్యాబు, సీనియర్ అన్నల సలహా. "పైసా అక్కర్లేదు తమ్మీ, పనిముట్లన్నీ పుణ్యానికే దొరుకుతాయి" అన్నాడొక అన్న. ఆ మాట అక్షరాలా నిజమని తర్వాత తెలిసింది.

పాఠం చెప్పడానికి మొజిల్లా వారి ఎండీఎన్ ఉంది. పేజీ భాషలో ఏ మాటకు ఏ అర్థమో నిఘంటువులాగా అందులో ఉంటుంది. బొమ్మలకు వికీమీడియా కామన్స్ ఉంది, అది 2004 నుంచి నడుస్తోంది. అక్కడి ఫోటోలను ఎవరైనా వాడుకోవచ్చు, చాలావాటికి తీసినవారి పేరు వేస్తే చాలు. బొమ్మ గీసుకోవాలంటే ఇంక్‌స్కేప్, ఫోటో దిద్దుకోవాలంటే గింప్. తయారైన పేజీని లోకానికి చూపించడానికి గిట్‌హబ్ పేజెస్ ఉంది, దానికీ అద్దె లేదు.

ఇక అక్షరాలు. 2010లో మొదలైన గూగుల్ ఫాంట్స్ గడపలోకి పోయి చూద్దును గదా, అష్టదిగ్గజాలు కొలువు తీరినట్టే ఉంది! పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, వారి పక్కనే గురజాడ, గిడుగు, మన సురవరం. అన్నీ తెలుగు ఫాంట్ల పేర్లే. ఏది కావాలంటే అది ఉచితంగా తీసుకోవచ్చు. ఒక్కటి చాలదని నేను మూడు తీసుకున్నాను. పెళ్ళిలో విస్తరి ముందు కూర్చున్న పిల్లవాడి సంగతి తెలిసిందే గదా!

పేజీ తయారైంది. పైన పచ్చని వరిచేను ఫోటో, నిలువెత్తున. కింద ఒకదాని తర్వాత ఒకటి జరిగిపోయే బొమ్మలు. ఆ కింద మా మండలంలో వరికోత మిషన్లు నడిపేవారి ఫోన్ నంబర్లు, టైర్ మిషన్ గంటకెంత, చైన్ మిషన్ గంటకెంత, సూర్యాపేట మార్కెట్లో వడ్ల ధర, పత్తి ధర. తెల్లటి కాగితం మీద లేత బూడిద రంగు అక్షరాలు. కాలేజీ ప్రదర్శనలో ల్యాబు తెర మీద దాన్ని చూపిస్తే లెక్చరర్లు మెచ్చుకున్నారు. బహుమతి కూడా ఇచ్చారు. నేను భూమికి జానెడు ఎత్తున నడిచిన రోజులవి.

పోయిన యాసంగి కోతల ముందు ఇంటికి పోయాను. సూర్యాపేటలో బస్సు దిగినప్పటి నుంచీ ఒకటే ఆత్రం. బువ్వ తినకముందే నాయిన ఫోన్లో పేజీ తెరిచాను. అది తిరిగింది, తిరిగింది, చివరికి ఎట్లనో తెరుచుకుంది. మా అమ్మ ఏడో తరగతి దాకా చదివింది. కళ్ళు చికిలించి ఒక్కో మాటా కూడబలుక్కుని, "గిదేందిరా, పతి ధర అని రాసినవ్? మీ నాయినను గూడ మార్కెట్ల పెట్టినవా?" అన్నది.

చూస్తే నిజమే. 'పత్తి'లో కింద ఉండాల్సిన త-వత్తు తెగిపోయి 'పతి' మిగిలింది. ఇంగ్లీషు అక్షరానికి సరిపోయే ఎత్తు లెక్కపెట్టి నేను వరుసకూ వరుసకూ మధ్య జాగా బిగించాను. మన అక్షరానికి కింద వత్తులున్నాయన్న జ్ఞానం లేకుండా పోయింది. ఇల్లంతా నవ్వారు, నేనూ నవ్వాను. "నీ ఫోన్ పాతది నాయినా, కొత్త దాంట్ల మంచిగనే కనవడ్తది" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను గుచ్చుతుంది.

మూడో రోజు నేను పని మీద సూర్యాపేట పోయాను. మధ్యాహ్నం పడమట మబ్బు కమ్మిందట. చేను కోతకొచ్చి ఉంది. మడి ఇంకా తడిగా ఉండబట్టి టైర్ మిషన్ దిగదు, చైన్ మిషనే కావాలి. కొడుకు చేసిన పేజీలో నంబరుంది గదా అని నాయిన గట్టు మీద నిలబడి ఫోన్ తీశాడు. సిగ్నల్ అంతంత మాత్రం. పేజీ తిరుగుతూనే ఉంది. ఎండలో బూడిద రంగు అక్షరం ఒక్కటీ ఆనలేదు. కాసేపు చూసి, ఫోన్ జేబులో పెట్టుకుని ఊళ్ళోకి నడిచాడు. ఆయన పోయేసరికి ఉన్న ఒక్క చైన్ మిషన్‌ను పక్క ఊరివాళ్ళు మాట్లాడుకుని తీసుకుపోయారు. ఆ మరుసటి రోజు సాయంత్రం గాలివాన కొట్టింది. చేను సగం పడిపోయింది.

కోసిన వడ్లు కొనుగోలు కేంద్రానికి పోతే తేమ మిషన్ ఒప్పుకోలేదు. తేమ 17 శాతం దాటితే తీసుకోరు. నాలుగు రోజులు ఎండబోశాం, రాత్రిపూట పరదాలు కప్పి కాపలా పడుకున్నాం. నాయిన నన్ను ఒక్క మాట అనలేదు. రెండో రాత్రి కుప్ప పక్కన పడుకుని మాత్రం అన్నాడు: "నీ కాయితం మంచిగనే ఉందిరా కొడుకా. కని తెరుసుకోలే."

మిత్రులారా, బహుమతి పత్రం నా పెట్టెలో ఇంకా ఉంది. దాన్ని చూసినప్పుడల్లా ఆ మాటే వినబడుతుంది.

తిరిగొచ్చాక మళ్ళీ ల్యాబులో కూర్చున్నాను. ఈసారి అలంకరించే పనిముట్ల జోలికి పోలేదు, కొలిచే పనిముట్ల కోసం వెతికాను. అవీ ఉచితమే, అవీ చేతికందేంత దగ్గరే ఉన్నాయి. నేనే చూడలేదు. బ్రౌజర్లో ఎఫ్-12 మీట నొక్కితే తెరుచుకునే పెట్టెలో చిన్న ఫోన్ తెర మీద పేజీ ఎట్లా ఉంటుందో చూడవచ్చు. నెట్‌వర్క్‌ను కావాలని నెమ్మది చేసి, మా గట్టు మీద ఎంతసేపు తిరుగుతుందో ఇక్కడే కూర్చుని తెలుసుకోవచ్చు. అక్కడే లైట్‌హౌస్ అనే పరీక్షాధికారి ఉన్నాడు. పేజీని పరీక్షించి నూటికి ఇన్ని మార్కులని వేస్తాడు. తొంభై దాటితే ఆకుపచ్చ, యాభైకి లోపలైతే ఎరుపు. నా బహుమతి పేజీకి వేగంలో ఎర్ర మార్కులొచ్చాయి! కొనుగోలు కేంద్రంలోని తేమ మిషన్ లాంటివాడే ఇతనూ, మొహమాటం లేదు.

అమెరికాలోని యూటా స్టేట్ యూనివర్సిటీకి చెందిన వెబ్ఎయిమ్ వాళ్ళు రంగుల తేడా కొలిచే పనిముట్టును పెట్టారు. అక్షరం రంగుకూ కాగితం రంగుకూ మధ్య కనీసం నాలుగున్నరకు ఒకటి నిష్పత్తి ఉండాలని వెబ్ ప్రమాణాల్లో రాసి ఉంది. నా బూడిద రంగుకు వచ్చింది మూడుకు లోపే. ఎండలో నాయినకు ఆనకపోవడానికి కారణం ఆయన కళ్ళు కాదు, నా రంగు.

తర్వాత బరువు లెక్క. కంప్యూటర్ మన అక్షరాలను యూనికోడ్ పద్ధతిలో దాచుకుంటుంది. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకు చోటు దొరికింది. అంతకు ముందరి ఫాంట్లలో దేని లెక్క దానిదే, ఒకదానిలో రాసింది ఇంకొకదానిలో చదవరాకపోయేది. ఇప్పుడు ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు. 'అమ్మ' అనే మాటలో అ, మ, పొల్లు, మళ్ళీ మ, వెరసి నాలుగు సంకేతాలు, పన్నెండు బైట్లు. నేను పైన పెట్టిన వరిచేను ఫోటో ఒక్కటే నాలుగు మెగాబైట్లు. అంటే పదమూడు లక్షల సంకేతాల బరువు! రైతుకు రోజూ కనబడే వరిచేనును రైతుకే చూపించడానికి, ఆయనకు కావలసిన పది అంకెల నంబరును దాని కింద తొక్కిపెట్టాను.

ఫోటోలను గూగుల్ వారి స్క్వూష్‌లో పెట్టి చూశాను. బ్రౌజర్లోనే బొమ్మ బరువు తగ్గించే సాధనం అది. బాగానే తగ్గాయి, అయినా ఒక్కటి ఉంచి మిగతావి తీసేశాను. మూడు ఫాంట్లకూ నమస్కారం పెట్టి, ఫోన్లో ముందే ఉన్న తెలుగు అక్షరాన్నే వాడుకున్నాను. దానికి దింపుకునే ఖర్చు లేదు. వరుసల మధ్య జాగా పెంచాను. అక్షరాలకు నలుపు వేశాను. మిషన్ల నంబర్లు అన్నింటికంటే పైకొచ్చాయి. వేలు పెడితే ఫోన్ కలుస్తుంది.

ఈ పనిముట్లన్నీ ఎవరు చేసి పెట్టారా అని ఆ రోజుల్లో చాలాసార్లు ఆలోచించాను. టిమ్ బర్నర్స్-లీ అనే శాస్త్రవేత్త 1989లో వెబ్‌ను ప్రతిపాదించాడు. ఆయన పనిచేసిన సెర్న్ సంస్థ 1993 ఏప్రిల్ 30న దాన్ని లోకానికి ఉచితంగా వదిలేసింది. ఆ తర్వాత ఎందరో తమకు తెలిసింది తెచ్చి అందులో కలిపారు. ఊరికి చెరువు తవ్వించినవారు ఎవరో మనకు తెలియదు, నీళ్ళు మాత్రం పారించుకుంటాం. కాకపోతే తూము దగ్గరి మడికే నీళ్ళు పారి, కాల్వ చివరి మడి ఎండితే తప్పు చెరువుది కాదు. ఈ సంచిక చదివే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ నేను చెప్పగలిగింది ఇంతే. మీరు పేజీ చేస్తే ల్యాబు తెర మీద చూసి మురిసిపోకండి. మీ ఇంట్లో అన్నింటికంటే పాత ఫోన్ ఎవరి దగ్గరుందో వారికివ్వండి, మిట్టమధ్యాహ్నం బయట నిలబెట్టి చదివించండి.

దసరా సెలవులకు ఇంటికి పోయి నేనూ అదే చేశాను. నాయిన ఫోన్ తీసుకుని పొలం గట్టుకు పోయాడు. నేను వెంట పోలేదు, భయమేసింది. పది నిమిషాలకు నా ఫోన్ మోగింది. "చైన్ మిషనాయనతోని మాట్లాడిన. వానాకాలం కోతకు మనదే మొదలు" అన్నాడు, అంతే.

సాయంత్రం అమ్మ వాకిట్లో కూర్చుని ఫోన్‌ను దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూసింది. తర్వాత నాయిన వైపు తిరిగి గట్టిగా అన్నది:

"వత్తొచ్చింది. ఇగ నిన్ను అమ్మేది లేదు తియ్యి."