బండల్లో వెతికినది ఎవరిని?

మాది ఆర్మూరు. బండల మీద బండలు పేర్చినట్టుండే నవనాథ సిద్ధుల గుట్ట కిందనే పెరిగాను. అందుచేత జోన్ లిండ్సే అనే ఆస్ట్రేలియా రచయిత్రి 1967లో ప్రచురించిన ‘పిక్నిక్ ఎట్ హ్యాంగింగ్ రాక్’ నవల చదువుతూ వుంటే ఆ బండల సందులూ, ఆ మిట్టమధ్యాహ్నపు ఎండా నాకు పరాయివిగా తోచలేదు.

కథ కొందరు పాఠకులకు తెలిసే వుంటుంది. 1900 ఫిబ్రవరి 14న విక్టోరియాలోని వొక ఆడపిల్లల బోర్డింగు స్కూలు వారు వనభోజనానికి వెళతారు. ముగ్గురు పిల్లలు, వొక ఉపాధ్యాయిని బండల మధ్య మాయమవుతారు. వారం తర్వాత వొక పిల్ల దొరుకుతుంది గాని ఆమెకేమీ గుర్తుండదు. మిగిలినవారేమయ్యారో రచయిత్రి చెప్పదు. చెప్పిన చివరి అధ్యాయాన్ని ప్రచురణకు ముందే తీసివేశారు. ఆమె పోయిన తర్వాత 1987లో అది విడిగా వచ్చింది. తీసివేయడమే మంచిదయింది. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్‌ను చదివి పెరిగిన మా వంటివారికి ముడి విప్పకపోతే మొదట కోపం వస్తుంది. కొన్నాళ్ళకు ఆ కోపం పోయి భయం మిగులుతుంది.

అయితే నన్ను పట్టి కూర్చోబెట్టినది ఆ రహస్యం కాదు. అదే స్కూల్లో సారా అని వొక అనాథ పిల్ల వుంది. ఆమె ఫీజు బాకీ. వనభోజనానికి ఆమెను తీసుకుపోరు. కొన్నాళ్ళకు ఆమె కూడా కనిపించదు. సంరక్షకుడు వచ్చి తీసుకుపోయాడని స్కూలు యజమానురాలు చెబుతుంది, అక్కడితో సరి. కలవారి పిల్లల కోసం పోలీసులు, వేటకుక్క, పత్రికలవాళ్ళు! ఈ పిల్ల కోసం వొక్క లాంతరు కదలదు. చివరకు శవం తోటమాలికి పూలమొక్కల్లో దొరుకుతుంది. బండల గురించి తలలు బద్దలుకొట్టుకున్న విమర్శకులు ఈ పూలమొక్కల దగ్గర ఆగరేమని నాకు ఆశ్చర్యం.

రహస్యం పుట్టాలంటే ముందు పిల్ల ఏమయిందన్న ప్రశ్న పుట్టాలి. జవాబు ముందే సిద్ధంగా వుంటే రహస్యమెక్కడిది?

నేను ఏడో తరగతిలో వుండగా, పసుపు ఉడకబెట్టే రోజుల్లో, నా పక్కన కూర్చునే పిల్ల బడికి రావడం మానేసింది. తల్లి పసుపు కళ్ళాల్లో కూలి. బడి లేని పూట పిల్ల కూడా కొమ్ములు ఏరేది. చేతులెప్పుడూ పచ్చగా వుండేవి. మేము “పెళ్ళికూతురా” అని ఏడిపించేవాళ్ళం. నాలుగో రోజున మా అవ్వనడిగాను.

“ఊకో బిడ్డా. అది ఎవనితోనో పోయింది. దాని పేరు ఇంట్ల తియ్యకు” అన్నది.

బడిలో హాజరుపట్టీలో పేరు కొట్టేశారు. పన్నెండేళ్ళ పిల్ల ఎవరితో పోతుంది, ఎట్లా పోతుందని అడిగినవారు లేరు. తల్లి మాత్రం కొంతకాలం బస్టాండులో నిజామాబాదు బస్సులు దిగేవాళ్ళ మొహాలు చూస్తూ నిలబడేది.

ఇది పాతకాలపు మాట అనుకోవద్దు. 2019 ఏప్రిల్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా హాజీపూర్‌లో పద్నాలుగేళ్ళ బడిపిల్ల శవం పాడుబడ్డ బావిలో దొరికింది. ఆ తర్వాత గాని, అంతకుముందు కనపడకుండా పోయిన మరి ఇద్దరు ఆడపిల్లల సంగతి బయటపడలేదు. వారిలో వొకతె 2015లో తప్పిపోయిన పదకొండేళ్ళది. ఇంకొక పిల్ల విషయంలో ఇంటివారు పరువుకు జంకి ఫిర్యాదే చెయ్యలేదని పత్రికలు రాశాయి. 2020 ఫిబ్రవరిలో నల్లగొండ కోర్టు నేరస్థుడికి మరణశిక్ష విధించింది. తప్పిపోయిన పిల్లల ఫిర్యాదు ప్రతిదానికీ కేసు నమోదు చెయ్యాలని సుప్రీంకోర్టు 2013 లోనే చెప్పి వుంది. ఏం లాభం? ‘లేచిపోయింది’ అన్న మాట, కాగితం ఠాణా మెట్లెక్కక ముందే వాకిట్లో తీర్పు చెబుతుంది.

నవలలో బండల దగ్గరనుంచి కేకలు పెడుతూ తిరిగి వచ్చిన ఈడిత్ అనే పిల్లను పోలీసులు గుచ్చి గుచ్చి అడుగుతారు. నన్నెవరూ అడగలేదు. కనిపించకుండా పోవడానికి రెండు రోజుల ముందు ఆ పిల్ల నాతో వొక మాట చెప్పింది. కళ్ళం దగ్గర వొకతను చీకటి పడ్డాక ట్రాక్టరు మీద ఇంటి దగ్గర దింపుతానంటున్నాడట. తనకు భయంగా వుందట. అతని పేరు కూడా చెప్పింది.

అవ్వతో చెబుదామనే ఆ రోజు దగ్గరికి పోయాను. పేరు ఇంట్లో తియ్యవద్దన్నది. తియ్యలేదు.