ఎత్తు కాదు, బరువు చెప్పండి

మదనపల్లె, పుంగనూరు, కుప్పం... మూడింటికీ సముద్రం దూరమే. అయినా బెంగళూరులో ఉద్యోగాలు చేసుకునే మన పక్క పిల్లలు కైట్‌బోర్డింగ్ నేర్చుకోవడానికి రామేశ్వరం పోతున్నారంటే నాకు భలే సంతోషం. అందరూ అడిగేది ఒకటే: "అన్నా, నా ఎత్తుకు ఎంత బోర్డు తీసుకోవాలి?"

తమ్ముళ్ళూ, ముందు చూడాల్సింది బరువు. రెండు వైపులా నడిచే ట్విన్‌టిప్ బోర్డయితే 75 కిలోల మనిషికి 136-138 సెంటీమీటర్ల పొడవు, 41 వెడల్పు మామూలుగా సరిపోతుంది. నేర్చుకునే రోజుల్లో మాత్రం ఇంకాస్త పెద్దది, 140 పైన, తీసుకోండి. పెద్ద బోర్డు తక్కువ వేగంలోనే నీటి మీదికి లేస్తుంది, గాలికి ఎదురుగా పోవడమూ సులువు. పొడవు ఒక్కటే చూసి మోసపోవద్దు, తేల్చడంలో వెడల్పు పాత్ర ఎక్కువ. గాలి గట్టిగా ఉన్నప్పుడు పెద్ద బోర్డు అంచు నీళ్ళలో దిగదు, కైట్ మనల్ని ఈడ్చుకుపోతుంది. అది ప్రమాదం. 50-55 కిలోల ఆడపిల్లల చేతికి 145 బోర్డు ఇస్తే నాకు కోపమొస్తుంది. వాళ్ళకు 135 దగ్గర చాలు.

2024 పారిస్ ఒలింపిక్స్ కైట్ పోటీల్లో మీరు చూసినవి మాత్రం నీళ్ళ లోపల రెక్క ఉండే ఫాయిల్ బోర్డులు. వాటి లెక్క వేరు.

గాలిని బట్టి ఎక్కువగా మార్చేది కైట్‌ని, బోర్డు చాలాసార్లు ఒకటే చాలు. గాలికి ఎదురెళ్ళడం వచ్చేదాకా స్కూలు బోర్డుతోనే నడపండి, ఆ తర్వాతే కొనండి. ఈ చలికాలం ఎవరైనా బయల్దేరుతుంటే కింద మీ బరువు రాయండి.