గోరువెచ్చటి గాలి

ముప్పై ఏళ్ళు కరెంటు డిపార్టుమెంటులో చేసి రిటైరైనవాడికి ఏ ఇంటికి వెళ్ళినా కళ్ళు ముందు మీటరు మీదికే పోతాయి. డిసెంబరులో నేనూ మా ఆవిడా నార్త్ కరోలినాలోని కేరీకి, మా అమ్మాయి ఇంటికి వచ్చాం. వేంకటేశ్వరస్వామి గుడి ఉంది, తెలుగు మాట వీధిలోనే వినపడుతుంది, దేనికీ లోటు లేదు. మేం పడుకునే గది మాత్రం చలి. హాలు వెచ్చగానే ఉంటుంది. మా గదిలో వెంట్ దగ్గర చెయ్యి పెడితే ఎవరో ఊపిరి వదిలినట్టు కొంచెం గాలి, అదీ చల్లగా తగిలేది. మా ఆవిడ స్వెట్టరు మీద శాలువా, దాని మీద మంకీ క్యాప్.

అల్లుడు ఒక కంపెనీకి ఫోన్ చేశాడు. వాళ్ళ మనిషి వచ్చి, బయటి యూనిట్ చుట్టూ ఒకసారి తిరిగి, "పన్నెండేళ్ళ మిషన్, ఇంక మార్చేయండి" అని కొత్తదానికి ధర రాసిచ్చి పోయాడు. పన్నెండు వేల డాలర్ల పైచిలుకు. వచ్చి పది నిమిషాలు కాలేదు. అతను ఒక్క స్క్రూ కూడా విప్పలేదని నేను గమనించాను.

మర్నాడు తెల్లవారుజామున టార్చి పట్టుకుని మీటరు దగ్గరికి వెళ్ళాను. 5 గంటలకి ఒకసారి, 6 గంటలకి ఒకసారి రీడింగు రాసుకున్నాను. గంటలో 12 యూనిట్లు! ఎండాకాలం తీసేస్తే విజయవాడలో మా ఇంట్లో రోజంతా కలిపినా అంత కాలదు.

"మావయ్యా, ఆ చలిలో బయటికెందుకు వెళ్ళారు?" అన్నాడు అల్లుడు. 12 యూనిట్ల మాట చెప్పాను. అతనికి నమ్మకం కుదరలేదు.

పక్కింటాయన ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో ఏసీ, హీటింగు పని నేర్పే మాస్టారు. చెత్త డబ్బా బయట పెట్టేటప్పుడు పలకరింపులు జరిగేవి. నా లెక్క వినగానే నవ్వి, "మీరు కరెంటు మనిషి కదా, బుధవారం మా ల్యాబుకి రండి. మీ ఇంటి జబ్బు అక్కడ చూద్దురుగాని" అన్నాడు.

ల్యాబంటే పెద్ద రేకుల షెడ్డు. వరసగా చక్రాల బల్లల మీద, మా అమ్మాయి ఇంట్లో ఉన్నలాంటి హీట్ పంపులు బిగించి ఉన్నాయి, డక్టులు పైకి తెరుచుకుని ఉన్నాయి. బయటి యూనిట్లు షెడ్డు వెనక సిమెంటు దిమ్మల మీద ఉన్నాయి. ఒక్కో మిషన్ పక్కన తాళం వేసిన చిన్న పెట్టె. అందులో మాస్టారి చేతిలో ఉండే స్విచ్చులు: ఒకటి నొక్కితే సెన్సార్ వైరు తెగినట్టు, ఇంకొకటి నొక్కితే కెపాసిటర్ పోయినట్టు. జబ్బు ఆయన పెడతాడు, పిల్లలు పట్టుకోవాలి. పిల్లలంటే పద్దెనిమిదేళ్ళ వాళ్ళ దగ్గర్నుంచి, సైన్యంలో చేసి వచ్చిన నలభై ఏళ్ళ మనిషి దాకా ఉన్నారు.

హీట్ పంపు అంటే ఏమిటో మన పాఠకులకి ఒక్క ముక్కలో చెప్పొచ్చు. పక్కింటివాళ్ళ ఏసీ బయటి యూనిట్ మన వరండాలోకి వేడిగాలి కొడుతుంది కదా, దాన్నే తిప్పి ఇంట్లోకి పెట్టారనుకోండి. ఎండాకాలం ఇంట్లో వేడి తీసి బయట పారేసే మిషనే, చలికాలం బయటి గాలిలోని వేడి తీసి ఇంట్లో పోస్తుంది. బయట గడ్డకట్టే చలిలో వేడెక్కడిదని మా ఆవిడ అడిగింది. లోపల తిరిగే ఆర్-410ఏ గ్యాస్ సున్నాకి 51 డిగ్రీల కింద కూడా మరుగుతుంది. దాని లెక్కలో మన చలి ఎండతో సమానం. ఇలా చెయ్యొచ్చని కెల్విన్ అనే శాస్త్రవేత్త 1852లోనే రాశాడు. ఇందులో లాభం ఏమిటంటే మిషన్ వేడిని తయారు చెయ్యదు, మోసుకొస్తుంది. అందుకని మరీ చలి లేని రోజున ఒక యూనిట్ కరెంటుకి సుమారు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. చలి పెరిగేకొద్దీ ఆ లెక్క తగ్గుతుంది.

మాస్టారు ఒక మిషన్ ఆన్ చేసి నా చెయ్యి డక్టు మీద పెట్టించాడు. "ఎలా ఉంది?" గోరువెచ్చగా ఉందన్నాను. థర్మామీటరు 95 ఫారన్‌హీట్ చూపించింది, మన లెక్కన 35. ఒంటి వేడి 37 కాబట్టి ఈదురుగా తగిలే ఆ గాలి చల్లగా ఉన్నట్టే అనిపిస్తుందట. గ్యాస్ కొలిమి ఉన్న ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు ఇది చూసి మిషన్ పాడైందని ఫోన్లు చేస్తారని ఆయన చెప్పాడు. "చెయ్యి పెట్టి చూడొద్దు. లోపలికి వెళ్ళే గాలి వేడి ఎంత, బయటికొచ్చే గాలి వేడి ఎంత, తేడా చూడు" అన్నది పిల్లలకి ఆయన మొదటి పాఠం.

ఒక కుర్రాడు తన మిషన్ దగ్గర నిలబడి గ్యాస్ తగ్గిందన్నాడు. అప్పటికే గేజీలు చేతిలోకి తీసుకున్నాడు. మాస్టారు ఆ గేజీలు లాక్కుని బల్ల కింద పెట్టాడు. "గాలి ఎంత వేడిగా వస్తోంది?" కుర్రాడు చూశాడు: 115. మామూలుకంటే ఎక్కువ. గ్యాస్ తగ్గితే గాలి చల్లబడాలి కానీ ఇంకా కాలడమేమిటి? ఇంతలో కంప్రెసర్ టక్కున ఆగిపోయింది. కుర్రాడు తెల్లమొహం వేశాడు. ఐదు నిమిషాలు చుట్టూ తిరిగి చివరికి ఫిల్టర్ తలుపు తీస్తే, ఫిల్టర్ ముందు మాస్టారు దూర్చిన అట్టముక్క కనిపించింది. గాలి కొంచెమే వెళ్తే ఆ కొంచెం బాగా కాలుతుంది కానీ గదికి చాలదు. వేడి దిగే దారిలేక లోపల ప్రెషర్ పెరిగి, మిషన్ తనని తాను ఆపుకుంటుంది. నాకు ఆ గంటలో బాగా నచ్చిన పాఠం ఇదే.

గ్యాస్ మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. మన దగ్గర ప్రతి ఎండాకాలం "ఏసీకి గ్యాస్ పట్టించాలి" అనడం అలవాటు. ఆ గ్యాస్ పెట్రోలులా అయిపోయేది కాదు, మూసిన గొట్టాల్లో తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. ఇక్కడ 608 సర్టిఫికెట్ పరీక్ష పాసవకుండా ఆ గొట్టాలు తెరవడానికి చట్టం ఒప్పుకోదు. 2025 జనవరి నుంచి కొత్తగా తయారుచేసే ఇంటి మిషన్లలో 410ఏ వాడకూడదు. ఆర్-454బీ, ఆర్-32 వచ్చాయి. వాటితో నడిచే మిషన్లు షెడ్డులో ఒక మూల వేరే ఉన్నాయి.

షెడ్డు వెనక్కి వెళ్ళాం. బయట 34 ఫారన్‌హీట్. నడుస్తున్న యూనిట్ కాయిల్ మీద నెయ్యి పేరినట్టు తెల్లటి మంచు. మాస్టారు బోర్డు మీద రెండు పిన్నులు కలిపాడు. ఫ్యాను ఆగింది. ఆర్టీసీ బస్సు బ్రేకు వదిలినట్టు బుస్సుమని చప్పుడు. గ్యాస్ దారి మార్చే వాల్వ్ తిరిగిందన్నమాట. మరో నిమిషానికి కాయిల్ మీంచి ఇడ్లీ గిన్నె మూత తీసినట్టు ఆవిరి లేచింది. మంచు కరగడానికి మిషన్ కాసేపు ఏసీలా నడిచి బయటి కాయిల్‌ని కాలుస్తుంది. అది చూసి మంటలనుకుని ఫైరింజనుని పిలిచినవాళ్ళూ ఉన్నారట. పల్చటి మంచు మామూలే. యూనిట్ మొత్తం గడ్డకట్టి, గంటలు గడిచినా కరగకపోతేనే జబ్బు.

ఇక నా 12 యూనిట్ల సంగతి. మాస్టారు క్లాంప్ మీటరు తీశాడు. మన డిపార్టుమెంటులో టాంగ్ టెస్టర్ అంటాం. కంప్రెసర్, ఫ్యాన్లు నడుస్తుంటే 11 యాంపులు. థర్మోస్టాట్‌ని ఒక్కసారిగా ఎనిమిది డిగ్రీలు పెంచాడు. తెర మీద 'ఆక్స్' అని వెలిగింది, మీటరు 53కి ఎగిరింది. లోపల 10 కిలోవాట్ల స్ట్రిప్ హీటరు కలిసింది. ఇస్త్రీ పెట్టెలో ఉండే తీగ చుట్టే, పెద్దది. అది వేడిని మోసుకురాదు, కరెంటుని కాల్చి వేడి చేస్తుంది: ఒకటికి ఒకటే. ఇల్లు సెట్ చేసినదానికంటే బాగా చల్లబడితే తోడు రమ్మని దాన్ని పెట్టారు. హీట్ పంపు సగం చచ్చినా ఇది ఇంటిని వెచ్చగానే ఉంచుతుంది. జబ్బు తెలియదు, బిల్లు తెలుస్తుంది. కట్టినవాళ్ళ తెలివిని తప్పు పట్టను కానీ, అది కలిసినప్పుడు ఎర్ర దీపమొకటి హాల్లో వెలిగేలా పెట్టాల్సింది.

శనివారం మాస్టారు మా ఇంటికి వచ్చాడు. నేను వివరాలు చెప్పేలోపే ఆయన నడవాలో ఆగిపోయాడు. గాలి లోపలికి లాక్కునే పెద్ద జాలీ ముందు రెండు సోనామసూరి బస్తాలు, వాటి మీద కందిపప్పు సంచి. అక్కడైతే వంటింటికి దగ్గరని మా ఆవిడ పెట్టించింది. బస్తాలు జరిపి ఫిల్టర్ తీస్తే, నెలల తరబడి తాలింపు పొగ, కార్పెట్ దుమ్ము కలిసి దుప్పటిలా అట్టకట్టింది.

తరవాత ఆయన ఇంటి కింద, మోకాళ్ళ మీద పాకేంత ఖాళీలోకి దూరాడు. లోపల్నుంచి "దొరికింది" అని కేక. మా గదికి వెళ్ళే డక్టు అతుకు దగ్గర ఊడి నేల మీద పడి ఉంది. వారాల తరబడి మట్టిని వెచ్చబెడుతున్నాం. ఎవరో గుడ్డ టేపు చుట్టారు, అది ఎండి రాలిపోయింది. డక్ట్ టేపని పేరే కానీ డక్టు అతుకులకి అది పనికిరాదని లారెన్స్ బర్కిలీ ల్యాబు 1998లోనే పరీక్షించి చెప్పింది. మాస్టారు రేకు బెల్టు బిగించి, మాస్టిక్ అనే ముద్ద పూశాడు.

మిగిలినది అల్లుడి పని. పొదుపని రాత్రి థర్మోస్టాట్ 62కి దించి, తెల్లారి 5కి 70కి పెంచేవాడు. ఆ ఎనిమిది డిగ్రీలు ఎక్కడానికి స్ట్రిప్ హీటరు రోజూ గంటకి పైగా కాలేది. ఇప్పుడు రాత్రీ పగలూ 68 మీద వదిలేశాం.

సోమవారం అంతే చలి. 5కీ 6కీ మళ్ళీ టార్చి పట్టుకుని వెళ్ళాను. గంటలో 3 యూనిట్లు. మా ఆవిడ మంకీ క్యాప్ తీసేసింది.

కొత్త మిషన్‌కి సంతకం పెట్టబోతున్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, ముందు మీ ఇంట్లో బియ్యం బస్తా ఎక్కడుందో ఒకసారి చూసుకోండి.