కారుకి నూనె గిన్నె కావాలా? చెన్నై రేస్ ట్రాక్‌లో దొరికిన జవాబు

విజయవాడ, నెల్లూరు మీదుగా చెన్నై వెళ్లేవాళ్లు షోలవరం బోర్డు చూసే ఉంటారు. సూళ్లూరుపేట, తడ దాటాక, సిటీ ట్రాఫిక్ మొదలయ్యే ముందు వస్తుంది. ఎవరూ ఆగరు. కానీ కార్ల పిచ్చి ఉన్నవాళ్లకి అది మామూలు ఊరు కాదు. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఎయిర్‌స్ట్రిప్ మీద ఏళ్ల తరబడి అక్కడ రేసులు జరిగాయి. 1953లో మొదలైన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ తర్వాత సిటీకి పడమరగా, శ్రీపెరుంబుదూర్ దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ కట్టుకుంది. 1990లో తెరిచారు. పొడవు 3.717 కిలోమీటర్లు, 12 మలుపులు. ట్రాక్ డే కోసం నేను వెళ్లింది అక్కడికే.

బెంగళూరు హైవే మీద వెళ్తుంటే చుట్టూ ఫ్యాక్టరీలే. హ్యుందాయ్ ప్లాంట్ కూడా ఆ ఏరియాలోనే. కార్లు పుట్టేచోటే కార్లకి పరీక్ష పెట్టే ట్రాక్ కూడా ఉందన్నమాట.

నాది 1.2 లీటర్ల టర్బో పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. ఈఎంఐ ఇంకా నడుస్తోంది, వారంటీ కూడా ఉంది. బయల్దేరే ముందు ఆఫీసులో కార్ల గ్యాంగ్ అంతా అడిగింది ఒకటే: ‘క్యాచ్ క్యాన్ పెట్టించావా?’ లేకపోతే ఇంజిన్ పోతుందన్నట్టే మాట్లాడారు. పెట్టించాలా వద్దా అన్నది ట్రాక్‌లోనే తేల్చుకుందామనుకున్నా.

అసలేంటిది?

మీ వంటింట్లో చిమ్నీ ఉంటే దాని కింద చిన్న నూనె గిన్నె చూసే ఉంటారు. పోపు పొగలోని జిడ్డు అందులోకి దిగుతుంది. క్యాచ్ క్యాన్ చేసే పని కూడా అదే.

ఇంజిన్‌లో పెట్రోల్ మండినప్పుడు కొంత గ్యాస్ పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి, ఆయిల్ ఉండే చోటికి జారిపోతుంది. దీన్ని బ్లో-బై అంటారు. అది అక్కడే ఉండిపోతే ప్రెషర్ పెరిగి సీళ్లు లీకవుతాయి. పాత కార్లలో దాన్ని గాల్లోకి వదిలేసేవాళ్లు. పొగమంచుతో ఉక్కిరిబిక్కిరైన కాలిఫోర్నియాలో 1961 నుంచి కొత్త కార్లలో ఆ గ్యాస్‌ని మళ్లీ ఇంజిన్‌లోకే పంపి కాల్చే ఏర్పాటు వచ్చింది. ఇప్పుడు అన్ని కార్లలోనూ అంతే.

చిక్కేంటంటే, ఆ గ్యాస్‌తోపాటు ఆయిల్ తుంపర కూడా వెళ్తుంది. పాత పద్ధతి ఇంజిన్లలో పెట్రోల్ ఇన్‌టేక్ వాల్వుల మీదుగా వెళ్లేది కాబట్టి జిడ్డుని ఎప్పటికప్పుడు కడిగేసేది. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లో పడుతుంది. వాల్వుల్ని కడిగేవాళ్లు లేరు. జిడ్డు వేడికి మాడి నల్లటి మసిలా గట్టిపడుతుంది. అందుకే టయోటా లాంటి కంపెనీలు కొన్ని ఇంజిన్లలో రెండు రకాల ఇంజెక్టర్లూ పెట్టాయి. మసి బాగా పేరుకుంటే వాల్‌నట్ పెంకుల పొడిని ప్రెషర్‌తో కొట్టి గీకాలి. గ్యాస్ వెళ్లే గొట్టం మధ్యలో డబ్బా పెట్టి, ఆయిల్‌ని అక్కడే ఆపేద్దాం అన్నదే క్యాచ్ క్యాన్ ఐడియా.

ట్రాక్ లెక్క వేరు

పిట్స్‌లో నా పక్కన ఒక పాత సెడాన్ ఆగింది. రేసుల కోసం పూర్తిగా మార్చేసిన బండి. దాని మెకానిక్‌ది గుమ్మిడిపూండి దగ్గర పల్లె. తమిళ యాసలో చక్కటి తెలుగు మాట్లాడాడు. బానెట్ ఎత్తి చూపించాడు. పక్కన అద్దం కిటికీ ఉన్న డబ్బా, అడుగున వేలెడు నల్లటి ఆయిల్.

‘పొద్దున ఖాళీ చేసినా తమ్ముడూ. ఒక్క సెషన్‌కే ఇంత.’

కారణం ఉంది. ట్రాక్ మీద ఇంజిన్ ఎక్కువసేపు హై ఆర్‌పీఎంలో ఉంటుంది, బ్లో-బై పెరుగుతుంది. పొడవాటి మలుపుల్లో ఆయిల్ ఒక పక్కకి ఎగబడి గొట్టాల్లోకి ఎక్కుతుంది. ఆ బండి గొట్టం బయటికి తెరిచి ఉండే రకం కాబట్టి డబ్బా లేకపోతే ఆయిల్ ట్రాక్ మీదే పడుతుంది. వెనక వచ్చేవాడి టైరు దాని మీదికెక్కితే? అందుకే ఎఫ్‌ఐఏ రూల్స్‌లో ఇలాంటి బళ్లకి డబ్బా తప్పనిసరి. 2000 సీసీ వరకు కనీసం 2 లీటర్లది, ఆ పైన 3 లీటర్లది. ఎంత నిండిందో బయటికి కనపడాలి కూడా. అంటే రేసింగ్‌లో ఈ డబ్బా పెట్టేది మన ఇంజిన్ కోసమే కాదు, వెనకవాడి ప్రాణం కోసం కూడా.

మరి నా కారుకి?

‘ముందు గొట్టం పీకి చూద్దాం’ అన్నాడాయన. సాఫ్ట్‌వేర్‌లో మేం చెప్పేదీ అదేగా: ప్రొఫైలింగ్ చేయకుండా ఆప్టిమైజ్ చేయొద్దు. మధ్యాహ్నం ఇంజిన్ చల్లారాక టర్బోకి గాలి వెళ్లే గొట్టం విప్పాం. లోపల వేలితో రాస్తే పల్చటి తడి. కారేంత లేదు. నా కారులో గొట్టాలు మూసి ఉండే రకం కాబట్టి ట్రాక్ మీద పడేదీ లేదు.

‘డిప్‌స్టిక్ గుర్తు దాటి ఆయిల్ పోయకు. సగం గొడవ దానివల్లే’ అన్నాడు.

ఇంకో సంగతీ చెప్పాడు. టర్బో కార్లలో ఈ గ్యాస్‌కి సాధారణంగా రెండు దార్లు. నెమ్మదిగా వెళ్తుంటే ఒకటి, టర్బో గట్టిగా ఊదుతుంటే ఇంకొకటి. డబ్బా ఒక దారిలోనే పెడితే రెండోదాంట్లో జిడ్డు యథావిధిగా వెళ్తుంది. లోపల జాలీ, అడ్డు పలకలు లేని చవక డబ్బాలు మెరుస్తాయంతే, ఆయిల్‌ని పెద్దగా పట్టవు. గొట్టం సన్నగా ఉంటే ప్రెషర్ పెరుగుతుంది. ఎక్కడైనా గాలి లీకైతే చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతుంది. ఇక గొట్టాన్ని బయటికి వదిలేసే రకం రోడ్డు కారుకి పనికిరాదు. ఆ గ్యాస్‌ని గాల్లోకి వదలకూడదని మన కాలుష్య నిబంధనలే చెబుతున్నాయి.

అన్నింటికన్నా ముఖ్యం, ఖాళీ చేయడం. నిండిన డబ్బాలోని ఆయిల్‌ని ఇంజిన్ ఒక్క గుక్కలో లాగేస్తే ఉన్నదానికన్నా ఎక్కువ నష్టం. తీసిన ఆయిల్‌లో పెట్రోల్, నీళ్లు కలిసి ఉంటాయి కాబట్టి మళ్లీ ఇంజిన్‌లో పోయకూడదు. కాలువలో అస్సలు పోయకూడదు, గ్యారేజీలో ఇవ్వాలి. అద్దె ఇంట్లో చిమ్నీ గిన్నె ఆరు నెలలకోసారి కూడా తీయని మనం ఇదంతా చేస్తామా? ఎవరికి వాళ్లు నిజాయితీగా చెప్పుకోవాల్సిన జవాబు.

నేనైతే పెట్టించట్లేదు. ఏడాదికి ఒకటో రెండో ట్రాక్ డేలు, మిగతా అంతా హైటెక్ సిటీ ట్రాఫిక్. ఇంజిన్ కంపెనీ ఇచ్చినట్టే ఉంది. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? పైగా గొట్టాలు మారిస్తే రేపు వారంటీ దగ్గర వాదన. ఆ డబ్బు బ్రేక్ ప్యాడ్లకీ, గడువుకన్నా ముందే ఆయిల్ మార్చడానికీ పెడతా.

ట్యూనింగ్‌తో పవర్ పెంచినా, నెలనెలా ట్రాక్‌కి వెళ్లినా, గొట్టంలో ఆయిల్ కారుతూ కనిపించినా లెక్క మారుతుంది. అప్పుడు మంచి డబ్బా కొనండి, రెండు దార్లూ కలపండి, ప్రతి సెషన్ తర్వాత మూత తీసి చూడండి. అది కుదరదనుకుంటే ముందు గొట్టం విప్పించి ఒకసారి వేలు పెట్టి చూడండి. పది నిమిషాల పని.