ఎర్రబస్సెక్కి సముద్రం చూశాం!

యాత్ర అనగానే మనకు గుర్తొచ్చేవి పెద్ద సూట్‌కేసు, నీళ్ళ క్యాను, పులిహోర డబ్బా, వెంట ఒక మగదిక్కు. ఈ నాలుగింటిలో పులిహోర డబ్బా ఒక్కటే పట్టుకుని మా అక్కా, నేనూ పోయిన సంక్రాంతి వెళ్ళాక పన్నెండు రోజులు బస్సుల్లో తిరిగొచ్చామంటే నమ్ముతారా? మా అమ్మాయి కాలేజీ సంచీ నా వీపున, మా అబ్బాయిది అక్క వీపున. చీరల మీద ఆ సంచీలు చూసి బస్టాండులో నవ్వినవాళ్ళూ ఉన్నారు. నవ్వనివ్వండి! రెండు చేతులూ ఖాళీగా ఉంటే బస్సెక్కడం ఎంత సుళువో మీరే ఒకసారి చూడండి.

మాది కర్నూలు. అక్కకు యాభై నాలుగేళ్ళు. మా బావగారు స్కూలు మాస్టారుగా చేసి, కిడ్నీలు పాడై పోయారు. ఆయన్ని ఆరేళ్ళు డయాలసిస్‌కు తిప్పింది అక్క. బస్సు అంటే ఆమెకు ఆస్పత్రికి వెళ్ళే బస్సే! సంవత్సరీకాలు అయ్యాక కూడా గడప దాటి రాలేదు. "ఇద్దరమే వెళ్దాం అక్కా" అని నేను వారం రోజులు వెంటపడితే సరేనంది.

మంత్రాలయం, హంపి, బాదామి, హుబ్బళ్ళి చూసుకుని, శిరసి నుంచి కనుమ దిగి గోకర్ణం చేరేసరికి ఎనిమిది రోజులు గడిచాయి. బాదామి దాకా జొన్నరొట్టె దొరికింది కాబట్టి ఇంట్లో ఉన్నట్టే ఉంది. కనుమ దిగామో లేదో అంతా కొబ్బరే, అంతా అన్నమే! ఇక మిగిలింది గోకర్ణం నుంచి మంగళూరు దాకా సుమారు 230 కిలోమీటర్ల తీరం. మంగళూరులో రైలుకు టికెట్లు ముందే చేయించుకున్నాం.

గోకర్ణంలో మహాబలేశ్వరుని దర్శనం చేసుకుని ఒడ్డున కూర్చున్నాం. రావణుడు ఆత్మలింగాన్ని పట్టుకుపోతుంటే వినాయకుడు పిల్లవాడి వేషంలో వచ్చి ఇక్కడే కింద పెట్టించిన కథ మీకు తెలిసిందే కదా. మనవైపు సముద్రంలో సూర్యుడు పుడతాడు, ఇక్కడ మునుగుతాడు. అది చూస్తూ అక్క "ఏమే, మన తుంగభద్ర నీళ్ళు ఇందులోకి వస్తాయా?" అని అడిగింది. రావు. తుంగ, భద్ర రెండూ ఈ పడమటి కనుమల్లోనే పుడతాయి. పక్కనే ఉన్న ఈ సముద్రాన్ని వదిలి తూర్పుకు తిరిగి, మన కర్నూలు మీదుగా వెళ్ళి కృష్ణలో కలిసి, బంగాళాఖాతం చేరతాయి. ఆ మాట చెబితే అక్క "పుట్టిల్లు దగ్గరే ఉన్నా పోయేది ఎక్కడికో, ఆడపిల్లలాగే!" అని నవ్వింది. ఆమె నవ్వి ఎన్నాళ్ళయిందో!

మర్నాడు కుమటాలో బస్సు మారాలి. అక్కడే వచ్చింది చిక్కు. పెద్దవాడు హైదరాబాదు నుంచి ఫోన్ చేశాడు. ఇంటికి మంచి బేరం వచ్చిందట, అమ్మ ఊఁ అంటే అడ్వాన్సు తీసుకుంటాడట. ఇల్లు అమ్మేసి, అక్క ఆరు నెలలు తన దగ్గర, ఆరు నెలలు బెంగుళూరులో చిన్నవాడి దగ్గర ఉండాలని అన్నదమ్ముల ఏర్పాటు. ఫోన్ పెట్టేసి అక్క బెంచీ మీద కూలబడింది. "మోకాళ్ళు పోతున్నాయి. ఇంక చాలు, ఇంటికి పోదాం పదవే" అంది. రైలు మంగళూరులో ఉంది కాబట్టి ఎలాగూ అటే పోవాలని బస్సెక్కించాను.

కర్ణాటకలో 2023 జూన్ నుంచి ప్రభుత్వ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు లేదు. కానీ అది ఆ రాష్ట్రం వాళ్ళకే. కండక్టరు మా ఆధార్ కార్డులు చూసి నవ్వుతూ డబ్బులు తీసుకున్నాడు. దక్షిణానికి వెళ్ళేటప్పుడు సముద్రం కుడివైపు వస్తుంది, డ్రైవరు వెనకవైపు కిటికీ పట్టుకోండి. దారి పొడవునా సముద్రం కనిపిస్తుందనుకోకండి. చాలాసేపు కొబ్బరి తోటలు, ఊళ్ళే! హొన్నావర దగ్గర మాత్రం శరావతి నది సముద్రంలో కలిసేచోట వంతెన మీద నుంచి చూస్తే ఊపిరి ఆగిపోతుంది. జోగ్ జలపాతమై దూకే నది ఇదే.

మురుడేశ్వర్‌లో 123 అడుగుల శివుడి విగ్రహం, ఇరవై అంతస్తుల రాజగోపురం. గోపురంలో లిఫ్టు ఉంది, కాబట్టి మోకాళ్ళ నొప్పులవాళ్ళూ పైకి వెళ్ళవచ్చు. పై నుంచి చూస్తే గుడి ఉన్న కొండకు మూడువైపులా నీళ్ళే! ఒక్క మాట. ఈ సముద్రం నెమ్మదిగా కనిపించినా లోపలికి లాగుతుంది. 2024 డిసెంబరులో విహారయాత్రకు వచ్చిన నలుగురు విద్యార్థినులు ఇక్కడే మునిగిపోయారు. పిల్లలను తీసుకువెళితే చేయి వదలకండి.

మూడోరోజు భట్కళ, బైందూరు దాటాక మరవంతె. కుడివైపు సముద్రం, ఎడమవైపు సౌపర్ణికా నది, మధ్యలో మన బస్సు! ఒక కిటికీలో అలలు, ఇంకో కిటికీలో కొబ్బరిచెట్ల నీడలు. అక్క ఉన్నట్టుండి లేచి "దిగుదాం" అంది. ఇంటికి పోదామన్న మనిషే!

రాళ్ళ కట్ట మీద కూర్చున్నాం. అక్క అడిగింది, "నువ్వేమంటావే, ఇల్లు అమ్మాలంటావా?"

మీ దగ్గర దాపరికం ఎందుకు? బయల్దేరే ముందు పెద్దవాడు నాకు ఫోన్ చేసి, "పిన్నీ, యాత్రలో అమ్మకు నెమ్మదిగా నచ్చజెప్పు" అన్నాడు. నేను సరేనన్నాను. పిల్లల దగ్గర ఉంటే ఆమెకే మంచిదని నాకూ అనిపించింది. కానీ ఆ మాట కడుపులో పెట్టుకుని అన్ని రోజులు ఆమె పక్కన నడిచాను. ఇక ఆగలేక అంతా చెప్పేశాను.

అక్క అలలకేసి చూస్తూ "తెలుసులే. వాడు చెప్పకుండా ఉంటాడా? నువ్వెప్పుడు నోరు విప్పుతావా అని బయల్దేరినప్పటి నుంచి చూస్తున్నా" అంది. సిగ్గుతో తలెత్తలేకపోయాను. కాసేపాగి తనే మళ్ళీ అంది: "నేను పిల్లల దగ్గరికి పోతా. పోయి వస్తా. వచ్చేదానికి నాకొక ఇల్లుండాలి గదా?"

అక్కడే, ఆ రాళ్ళ మీద నుంచే పెద్దవాడికి ఫోన్ చేసింది. "మీ నాయన పింఛను వస్తోంది, నాకు చాలు. ఇల్లు అమ్మొద్దు" అని రెండే ముక్కలు. వాడు కాసేపు మాట్లాడలేదు. "సరేమ్మా, ముందు నువ్వు రా, మాట్లాడుకుందాం" అన్నాడు. పక్కనే సౌపర్ణిక, సముద్రం అంత దగ్గరగా ఉన్నా అక్కడ కలవదు. ఇంకొంత దూరం తన దారిన తాను వెళ్ళి గంగొళ్ళి దగ్గర కలుస్తుంది.

తరువాతి బస్సులో కుందాపుర మీదుగా ఉడిపి. తొమ్మిది రంధ్రాల కిటికీలోంచి చిన్నికృష్ణుణ్ణి చూశాం. లోపలికి రానివ్వని కనకదాసు కోసం స్వామి అటు తిరిగాడని చెప్పుకునే కనకన కిండీ చూశాం. ఆ సాయంత్రం అక్క రెండు మంగళూరు బన్నులు తిని, పక్కింటామె కోసం ఎలా చేస్తారో కూడా అడిగి రాసుకుంది. ముగ్గిన అరటిపండు, మైదా, పెరుగు, చక్కెర, జీలకర్ర కలిపి నానబెట్టి, మందంగా వత్తి పూరీల్లా వేయించడమే!

నాకు నచ్చింది నీరు దోసె. బియ్యం నాలుగు గంటలు నానబెట్టి, కాస్త కొబ్బరితో మెత్తగా రుబ్బి, ఉప్పు వేసి, మజ్జిగలా పలచగా కలపాలి. మినప్పప్పు వద్దు, పులియబెట్టనక్కర్లేదు. కాగిన పెనం మీద పోసి మూత పెట్టి, తిరగెయ్యకుండానే తీయాలి. కొబ్బరి చట్నీతో దూదిలా ఉంటుంది.

మీరూ వెళ్ళాలనుకుంటే నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్ళండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ వాన ఆగదు. రాత్రి ఉతికితే తెల్లారేసరికి ఆరే చీరలు మూడు, ఒక నైలాను తాడు, వేరుశనగ పొడి, మోకాళ్ళకు రాసుకునే మందు చాలు. చీకటి పడకముందే దిగాల్సిన ఊరు చేరేలా చూసుకోండి. కుందాపుర నుంచి మంగళూరు దాకా ప్రైవేటు బస్సులు కూడా వరసగా ఉంటాయి, కంగారు పడక్కర్లేదు.

ఇంటికొచ్చాక పిల్లలిద్దరూ వచ్చారు, నాలుగు మాటలు అన్నారు, అనిపించుకున్నారు. పెద్దవాడు ఇప్పటికీ నామీద కాస్త అలకగానే ఉన్నాడు. ఇల్లు మాత్రం అమ్మలేదు. ముందు గది ఇద్దరు కాలేజీ ఆడపిల్లలకు అద్దెకిచ్చింది అక్క.

మా అబ్బాయి సంచీ ఇంకా తిరిగివ్వలేదు. అడిగితే "మళ్ళీ ఎప్పుడు పోదాం చెప్పు, అప్పుడిస్తా" అంటోంది!