తామర కాదమ్మా, ఎగ్జిమా

మొన్న ఆదివారం పొద్దున డాబా మీదకి వెళ్తే, మావాడి తువ్వాలు ఒక్కటీ అటు చివర విడిగా ఆరేసి ఉంది. ఇంట్లో వాళ్ళందరివీ దండెం మీద వరసగా ఉన్నాయి. కిందకొచ్చి అమ్మనడిగితే, "వాడికి తామరొచ్చింది కదరా, అందరికీ అంటుకోదూ?" అంది.

అమ్మని ఏమనను? ముప్ఫై ఏళ్ళ క్రితం దివిసీమలో మా ఇంట్లో నా తువ్వాలు కూడా అలాగే విడిగా ఆరేది. మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనక ఒకటే దురద. రాత్రిళ్ళు గోకి గోకి దుప్పటికి రక్తం మరకలు. బళ్ళో నా పక్కనుండేవాడు బెంచీ చివరికి జరిగి కూర్చునేవాడు. పాపం వాడి తప్పేం లేదు, వాళ్ళమ్మ చెప్పి పంపించేది. మండే ఎండల్లో కూడా పొడుగు చేతుల చొక్కా వేసుకు తిరిగిన ఏకైక వీరుణ్ణి మా ఊళ్ళో నేనే.

సంగతేంటంటే, నాకున్నది తామర కాదు. ఎగ్జిమా. అందులో అటోపిక్ డెర్మటైటిస్ అనే రకం. ఇప్పుడు మా ఐదేళ్ళవాడికి వచ్చిందీ అదే. అది ఎవరికీ అంటుకోదు.

గొడవంతా పేరు దగ్గరే ఉంది. తామర అంటే గుండ్రంగా అంచు కట్టి పాకే ఫంగస్ జబ్బు. గజ్జి అంటే కంటికి కనపడనంత చిన్న పురుగు చర్మంలోకి దూరితే వచ్చేది. ఈ రెండూ అంటుకుంటాయి. ఎగ్జిమాకి మనకంటూ వేరే వాడుకమాట లేదు. దాంతో ఒకళ్ళు తామర అంటారు, ఇంకొకళ్ళు గజ్జి అంటారు. మూడు వేరే వేరే వాటికి ఒకే వేరియబుల్ పేరు పెడితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

మందుల దగ్గర కూడా అదే అయింది. అప్పట్లో షాపుకెళ్ళి దురదండీ అంటే చాలు, ఓ ట్యూబు ఇచ్చేవాళ్ళు. స్టెరాయిడు, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిసిన కలగూరగంప. రాస్తే నాకు నాలుగు రోజుల్లో తగ్గేది, ఆపగానే మళ్ళీ మొదలు. అదే ట్యూబు నిజంగా తామరున్న మా మావయ్య రాసుకుంటే దురద తగ్గింది కానీ, ఫంగస్ హాయిగా పాకి నడుమంతా ఎక్కింది. స్టెరాయిడు మంటనీ ఎరుపునీ అణిచేస్తుంది, ఫంగస్‌ని చంపదు. 2018లో కేంద్రం చాలా స్టెరాయిడు పూతమందుల్ని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. కిందటి నెల నేనడిగితే మాత్రం చీటీ ఊసే ఎత్తకుండా ఇచ్చేశారు.

ఇక అసలు కారణం. మన పైచర్మం ఇటికల గోడ లాంటిది. లోపలి తడి బయటకి పోకుండా, బయటి చెత్త లోపలికి రాకుండా చూస్తుంది. ఆ గోడ గట్టిగా ఉండటానికి కావలసిన ప్రొటీన్లలో ఫిలాగ్రిన్ ఒకటి. దాన్ని తయారుచేసే జీన్‌లో తేడాలుంటే ఎగ్జిమా వచ్చే అవకాశం పెరుగుతుందని 2006లో తేలింది. అందరికీ ఆ జీనే కారణం అని కాదు, ఒంటి రోగనిరోధక వ్యవస్థ అతిగా స్పందించడం కూడా ఉంది. ఉబ్బసం, తుమ్ములు ఉన్న ఇళ్ళల్లో ఇది ఎక్కువ. మా నాన్నకి ఉబ్బసం, నాకు తెల్లారితే తుమ్ములు, వాడికిది. అంతా లెగసీ కోడు.

బగ్గు లోపల ఉన్నా, దాన్ని లేపేవి బయట ఉంటాయి. బెంగళూరులో ఉన్నప్పుడు వాడికి చలికాలం పొడిగాలికే వచ్చేది. బెజవాడ వచ్చాక చెమటకి మొదలైంది. దీన్ని ఊరికే బ్లేజువాడ అనలేదు కదా! దానికి తోడు నాయనమ్మ ప్రేమగా సున్నిపిండితో నలుగు పెట్టి, పొగలు కక్కే నీళ్ళు పోసేది. బాగున్న ఒంటికి సరే, పగిలిన గోడని గరుకుగా రుద్దితే ఏం మిగుల్తుంది? వంకాయ, గోంగూర, చేపలు కూడా మాన్పించేసింది. కొంతమంది పిల్లలకి కొన్ని తిండి పదార్థాలు నిజంగా పడవు, కానీ అది డాక్టరు తేల్చాలి. అందరికీ అన్నీ మాన్పిస్తే పిల్లలు చిక్కిపోవడం తప్ప లాభం లేదు.

పెద్దాళ్ళకి ఇంకో శత్రువు ఉంది. కాలవగట్ల మీదా ఖాళీ స్థలాల్లోనూ తెల్లపూలతో వయ్యారాలు పోయే వయ్యారిభామ. మా బాబాయికి ఎన్నాళ్ళగానో మొహం, మెడ నల్లబడి దురద. చివరికి ఆ మొక్కే కారణమని తేలింది. తాకక్కర్లేదు, దాని నలుసులు గాలిలో వచ్చినా పడనివాళ్ళకి చాలు.

మావాడి డాక్టరమ్మ గారు చెప్పినవి చాలా మామూలు విషయాలు. గోరువెచ్చటి నీళ్ళతో ఐదు పది నిమిషాల్లో స్నానం, ఘాటు లేని సబ్బు, ఒళ్ళు అద్ది తుడిచి తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్. అదీ తగ్గాక మానెయ్యకుండా రోజూ. నూలు బట్టలు, కత్తిరించిన గోళ్ళు. ఎర్రబడినప్పుడు ఆవిడ రాసిచ్చిన స్టెరాయిడు, చెప్పినన్ని రోజులే. పెద్దవాళ్ళ చూపుడువేలి చివరి కణుపు పొడవునా పిండితే దాదాపు అర గ్రాము, అది రెండు అరచేతులంత మేరకి సరిపోతుంది. స్టెరాయిడు పేరు వినగానే మా ఆవిడ భయపడి రాయడం మానేసింది, అదీ తప్పేనట. చీము పట్టినా జ్వరమొచ్చినా ఆగకుండా వెళ్ళాలి. నేను డాక్టర్ని కాదు, మీ పిల్లలకి ఏది రాయాలో మీ డాక్టర్నే అడగండి. ముందు ఆ జబ్బు పేరేంటో అడగండి.

ఇదంతా అమ్మకి కూర్చోబెట్టి చెప్పాను. నిజం తామరైతే నువ్వు తువ్వాలు విడిగా వేయడమే రైటమ్మా, ఇది అది కాదు, అన్నాను. అంతా విని, కాసేపాగి,

"అయితే అప్పుడు నీది కూడా అంటుకునేది కాదా?" అంది.

"కాదమ్మా."

ఇంకేం మాట్లాడలేదు. డాబా మీదకెళ్ళి వాడి తువ్వాలు తీసి, దండెం మీద నా తువ్వాలు పక్కన వేసి వచ్చింది.