తొలి లాగుడు

గద్వాల వైపు జాతరలలో బండలాగుడు పోటీలు చూచినవారికి ఈ సంగతి తెలిసే ఉంటుంది. నేర్పరియైన రైతు ఎడ్లను కట్టీ కట్టగానే అదిలించడు. బండకు కట్టిన గొలుసు బిగిసేదాకా రెండడుగులు నెమ్మదిగా నడిపించి, ఆ తరువాతనే కేక వేస్తాడు. గొలుసు వదులుగా ఉండగా ఎడ్లు ఉరికితే ఆ కుదుపంతా మెడలమీద, కాడిమీద పడుతుంది.

హైదరాబాదులో ఉద్యోగం చేసే మా అక్కయ్య మనుమడు ఈమధ్య మిక్కిలి శక్తిమంతమైన కారు కొని, నిలుచున్న చోటినుండి బాణంలా దూకించబోయి ఇరుసు విరుగగొట్టుకొన్నాడు. "తాతా, ఇంత బలమున్న బండికి ఇరుసెట్ల ఇరుగుతది?" అని అడిగాడు. బలమున్నది కనుకనే విరిగిందన్నాను.

లెక్క తేలికైనదే. ఇంజను ఇచ్చే టార్కు, అనగా మెలిత్రిప్పే బలం, 400 న్యూటన్ మీటర్లనుకొందాం. మొదటి గేరు దానిని 4 రెట్లు, చివరనున్న క్రౌను, పినియను 3.5 రెట్లు పెంచితే ఇరుసులకు చేరేది రమారమి 5,600. ఇది నిలకడగా పడే బరువు. క్లచ్చిని ఒక్కసారిగా వదిలితే తిరుగుతున్న ఇంజను వేగమంతా సమ్మెటదెబ్బలా తోడవుతుంది. చక్రం పట్టుతప్పి గిర్రున తిరిగి, ఎగిరెగిరిపడుతూ మరల నేలను పట్టుకొన్నప్పుడు పడే దెబ్బ ఇంకా చెడ్డది.

అందుచేత వాడికి చెప్పినవి ఇవి. చక్రాలు తిన్నగా ఉండాలి. వంకరగా ఉన్నప్పుడు ఇరుసు కీళ్ళకు ఓర్పు తక్కువ. ముందు కొద్దిపాటి బలంతో గేర్ల సందులలోని వదులు తీరనిచ్చి, పిమ్మట యాక్సిలరేటరు తొక్కాలి. చక్రం ఎగిరిపడితే వెంటనే కాలు తీయాలి. క్లచ్చి చల్లారేదాకా రెండవసారి ప్రయత్నించరాదు. టైరు కొంత జారడం కూడా రక్షణయే. ఇరుసును మార్చకుండా గట్టిగా పట్టే టైర్లు మాత్రమే వేస్తే ఆ దెబ్బ లోపలి భాగాలకు చేరుతుంది. అన్నిటికంటె ముఖ్యం, ఈ ఆట రేసు మైదానంలోనే ఆడాలి. మన 44వ నంబరు జాతీయరహదారి అందుకు కాదు.

కారు ఇరుసుకు ధర ఉన్నది. వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెలలో ట్రాక్టరు నడిపే పిల్లల సంగతి వేరు. బురదలో దిగబడిన ట్రాలీని గొలుసుతో లాగేటప్పుడు క్లచ్చిని టక్కున వదిలితే క్రౌను పళ్ళు ఊడవచ్చు. కోతలవేళ అది ఇంటి ఆదాయానికే దెబ్బ. అంతకంటె ఘోరమైనదీ ఉన్నది. వెనుక చక్రాలు కదలలేనప్పుడు, ఆ బలం ట్రాక్టరు ముందుభాగాన్నే పైకెత్తుతుంది. గొలుసును ఇరుసుకంటె ఎత్తున కట్టి ఉంటే మరీ ప్రమాదం. రెండు మూడు లిప్తలలో బండి వెనుకకు తిరగబడి నడిపేవాడిమీద పడుతుంది. దూకే వ్యవధి ఉండదు.

గొలుసును కిందనున్న కొక్కేనికే తగిలించాలనీ, అది బిగిసినాకనే లాగాలనీ ఇంటి పెద్దలు పిల్లలకు ఒకటికి పదిసార్లు చెప్పాలి. ఈ తొలి బిగింపుకు మా వైపు ప్రత్యేకమైన మాటేదీ నా చెవిని పడలేదు. మీ సీమలో ఉంటే తెలుపగలరు. మాట ఉంటే జాగ్రత్త నేర్పడం సులభమని బడిలో గడిపిన ఏండ్లు నాకు నేర్పాయి.